పెట్టె వేడెక్కేలోపు

మా ఇంట్లో దాన్ని ఎవరూ ఆంప్లిఫయర్ అనలేదు. పెట్టె అనేవాళ్ళం. "పెట్టె మీద కాఫీ గ్లాసు పెట్టకు", "పెట్టె దగ్గర తుమ్మకు" అంటూ బెజవాడ రైల్వే క్వార్టర్స్‌లో చిన్నప్పుడు నేను తిన్న తిట్లలో సగం దాని వల్లే. ఆకుపచ్చ రెగ్జిను చుట్టిన చెక్క పెట్టె, ముందు గోనెగుడ్డలాంటి తెర. వెనక పలక విప్పితే లోపల వరసగా గాజు వాల్వులు. పాత రేడియోల్లో ఉండేవే, నిలబెట్టిన బల్బుల్లా ఉంటాయి. నాన్న రైల్వేలో గార్డు. సెలవు దొరికితే పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో గిటారు వాయించేవాడు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పాత సామాను వేలం వేసినప్పుడు లోకమంతా కుర్చీలూ బీరువాలూ పాడుకుంటే, ఈయనగారు ఈ పెట్టె పాడుకుని, రిక్షాలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ఆ కుర్చీల సంగతి అమ్మ ఇప్పటికీ ఎత్తుతుంది.

దానికో పద్ధతి ఉండేది. స్విచ్ వేయగానే పలకదు, వాల్వులు వేడెక్కాలి. నాన్న స్విచ్ వేసి, పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుంటూ వచ్చేవాడు. అప్పటికి పెట్టె సన్నగా మూలుగుతూ ఉండేది. "లేచింది" అనేవాడు. తర్వాత ఎప్పుడూ ఒకటే ముక్క. శ్రుతి చూసుకోవడానికి ఆయన సొంతంగా కట్టుకున్నది. లావు తీగ మీద మొదలై, పైదాకా ఎక్కి, మళ్ళీ లావు తీగ మీదికే దిగేది. ఆ తీగ మోగినప్పుడల్లా "నాన్నా, నా కడుపులో మోగింది" అని అరిచేదాన్నట. ఆర్కెస్ట్రా వాళ్ళందరికీ చెప్పుకుని నవ్వేవాడు.

నాన్న రిటైరయ్యాక ఇద్దర్నీ నా దగ్గరికి తెచ్చుకున్నాను. నేను నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, ఢిల్లీ పక్కనే ఉన్న వైశాలిలో అద్దెకుండేదాన్ని. సామానంతా లారీలో వచ్చింది, పెట్టె మాత్రం నాన్నతోపాటు రైల్లో వచ్చింది. నాగపూర్‌లో ఒకసారి, ఝాన్సీలో ఒకసారి దిగి, సామాన్లుండే బ్రేక్‌వ్యాన్ దాకా నడిచి, అది ఎలా ఉందో చూసొచ్చాడట. "నన్నెప్పుడైనా ఇలా చూసుకున్నాడా ఈ మనిషి?" అని అమ్మ స్టేషన్‌లో దిగీ దిగగానే మొదలుపెట్టింది.

ఇక మా వైశాలి కరెంటు సంగతి. ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు, ఉన్నప్పుడు ఎంత ఉంటుందో తెలీదు. ఆ ఏడు దసరా వెళ్ళిన కొత్తలో ఒక సాయంత్రం నాన్న వాయిస్తుండగా ట్యూబులైటు ఉన్నట్టుండి తెల్లగా మండింది. ఫ్యాను పిచ్చెత్తినట్టు తిరిగింది. కింద ఎవరి టీవీయో పేలిన చప్పుడు వినిపించింది. నేను పరుగెత్తి మెయిన్ కట్టేసేలోపే పెట్టెలోంచి ఠప్పుమని, వెనకాలే కాలిన లక్క వాసన వచ్చేసింది. వీధివీధంతా కిందికి దిగి కరెంటువాళ్ళ ఏడు తరాలనూ తలుచుకుంటుంటే, నాన్న మాత్రం గిటారు ఒళ్ళోంచి దించకుండా అలాగే కూర్చున్నాడు.

మామూలుగా అయితే ఇది పెద్ద విషయం కాదు. ఎప్పుడో ఒకప్పుడు బాగు చేయించుకుంటాం. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే చెవి డాక్టరు ఆ మాట చెప్పాడు. నాన్నకు ఎడమ చెవి ఉద్యోగంలో ఉండగానే పోయింది. ఇప్పుడు కుడి చెవి నరం కూడా చచ్చుబడుతోందట. మందు లేదు, ఆపరేషన్ లేదు. మిషను పెట్టుకుంటే మాటలు కొన్నాళ్ళు వినపడతాయి, పాట మాత్రం కష్టం. "ఎన్నాళ్ళు డాక్టర్?" అన్నాను. "చెప్పలేను. ఈ వేగం చూస్తే మాత్రం ఎక్కువ కాలం కాదు" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మా ఆటో ఆనంద్ విహార్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, ఆ హారన్ల మధ్య, నాన్న నా వైపు తిరిగాడు.

"పోయేదెలాగూ పోతుంది. పోయేముందు ఒక్కసారి ఆ పెట్టె వినిపించమ్మా. ఇంకేం వద్దు నాకు."

నా జన్మలో ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. "ఎంత పని నాన్నా, ఈ శనివారం తీసుకెళ్తాను" అన్నాను. పెద్ద గొప్పగా అన్నాను.

వైశాలికి అప్పటికి మెట్రో రాలేదు. పెట్టెని పాత దుప్పట్లో చుట్టి, ఆటో మాట్లాడుకుని, ఎర్రకోట ఎదురుగా ఉండే ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కు తీసుకెళ్ళాను. ఆ సందుల్లో దొరకనిదంటూ లేదంటారు. మొదటి దుకాణంవాడు దుప్పటి విప్పి చూసి పక్కవాణ్ణి పిలిచాడు, పక్కవాడు ఇంకొకణ్ణి పిలిచాడు. అందరూ చూసి, నవ్వి, చేతులెత్తేశారు. "మేడమ్, మ్యూజియంలో పెట్టండి" అన్నాడు ఒకడు. నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఆ మాటన్నవాడికి ఏం సమాధానం చెప్పానో ఇక్కడ రాయను.

చివరికి ఒక మేడమెట్ల కింద దుకాణంలో పాత రేడియోలు బాగుచేసే ముసలి మెకానిక్ దొరికాడు. మహా బద్ధకస్తుడు, మంచివాడే. వెనక పలక విప్పి లోపలికి టార్చి వేసి, ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"యే క్యా హై బేటీ? ఎవరైనా చేతబడి చేశారా?"

నాకు నవ్వొచ్చింది. ప్రతి వాల్వుకీ పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. మేం ఆయుధపూజకు ఇంట్లో ఉన్న కత్తిపీట నుంచి కుట్టుమిషను దాకా అన్నిటికీ బొట్లు పెడతాం కదా. నాన్న గిటారుకు పెట్టనిచ్చేవాడు కాదు, తీగలు పాడవుతాయని. అమ్మ ఊరుకుంటుందా? ఏడాదికోసారి పెట్టె వెనక పలక విప్పించి, వాల్వులన్నీ ఊడదీయించి, ఒక్కోదాన్నీ తడిగుడ్డతో చంటిపిల్లకు తలంటినట్టు తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి మళ్ళీ లోపల పెట్టించేది. ఆ తలంటు చూసి నాన్న మురిసిపోయేవాడు. ఈ కథంతా నాకొచ్చిన హిందీలో చెప్పాను.

మెకానిక్ నవ్వలేదు. "ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, అది చుట్టించేస్తాను. ఇదిగో, ఈ వాల్వు పోయింది, లోపల తెల్లబడింది చూడు. దీని జత మాత్రం బతికే ఉంది. సరే, నంబర్ ఏది?" అన్నాడు.

"ఏ నంబరు?"

"గాజు మీద తెల్లగా అచ్చేసి ఉంటుంది. అది లేకపోతే నేనేం పెట్టాలి? అందాజుగా ఏదో ఒకటి గుచ్చితే కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కూడా మాడిపోతుంది. ఆ పాపం నాకొద్దు. నంబర్ లావో."

అక్కణ్ణుంచే అమ్మకు ఫోన్ చేశాను. "వాల్వుల మీద నంబర్లుండేవా?" అన్నాను.

"నంబర్లేంటే? ఏదో తెల్లటి మరక ఉండేది. మురికనుకున్నాను. ఎంత తోమినా పోయేది కాదు. బట్ట పెట్టి రుద్దీ రుద్దీ, ఏళ్ళు పట్టిందనుకో, మొత్తానికి వదిలించాను" అంది అమ్మ, ఎంతో సంతోషంగా.

ఫోన్ పెట్టేశాను. పెట్టె అక్కడే వదిలి, బతికున్న ఆ వాల్వును చేతిరుమాల్లో చుట్టుకుని, దానికి జత వెతుకుతూ ఢిల్లీ అంతా కాళ్ళరిగేలా తిరగడం మొదలుపెట్టాను. కరోల్ బాగ్ వెళ్ళాను. పాత సినిమాహాళ్ళ సామాను అమ్మేవాళ్ళ దగ్గరికెళ్ళాను. ఎక్కడికెళ్ళినా రుమాలు విప్పడం, వాళ్ళు చూడటం, "నంబర్?" అనడం. ప్రతివాడూ అదే మాట. ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయేది. ఆఫీసులో మీటింగుల్లో కూర్చున్నా నా ధ్యాస రుమాలు మీదే.

ఈలోగా మా ఇంట్లోంచి ఒక్కో శబ్దం వెళ్ళిపోతోంది. ముందు కాలింగ్ బెల్లు పోయింది. పాలవాడు కొట్టీ కొట్టీ విసిగి, పాకెట్లు గుమ్మంలో పడేసి వెళ్ళేవాడు. తర్వాత కుక్కర్ విజిల్. ఒకరోజు నేను ఆఫీసునుంచి వచ్చేసరికి పప్పు మాడి ఇల్లంతా పొగ, అమ్మ గుడికెళ్ళింది, నాన్న పేపరు చదువుకుంటున్నాడు. మిషను పెట్టుకుంటే అది చెవిలో కూతలు పెట్టేది, తీసి జేబులో వేసుకునేవాడు. "ఏం నాన్నా, ఎలా ఉంది?" అని అరిస్తే, "ఆఁ?" అనేవాడు. పెట్టె సంగతి మాత్రం పొరపాటున కూడా అడిగేవాడు కాదు. నేను గుమ్మంలోకి రాగానే నా చేతుల వైపు చూసి, ఖాళీగా కనపడితే మళ్ళీ పేపర్లోకి తల దూర్చేవాడు. అడిగి తిట్టినా బాగుండేది.

అమ్మకు సంగతి తెలిశాక అన్నం సయించలేదు. ఒకరోజు నాన్నే అనేశాడు, తన గొంతు తనకు వినపడక ఇల్లంతా అదిరేలా: "నీ పూజలే ముంచాయి దాన్ని!" ఏళ్ళ తరబడి కుర్చీల గురించి సాధించిన అమ్మ, ఆ రోజు తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒక శనివారం ఉత్త చేతులతో వెళ్తే మెకానిక్ జాలిపడ్డాడు. "బేటీ, ఒక మాట చెప్తాను విను. ఇవన్నీ పీకేసి లోపల ట్రాన్సిస్టర్ బోర్డు పెట్టేస్తాను. రేపటికల్లా మోగుతుంది. వెనక రెండు ఎర్ర బల్బులు పెడితే వాల్వుల్లాగే వెలుగుతుంది. నీ డాడీకి ఎలాగూ వినపడటం లేదంటున్నావు. ఆయనకేం తెలుస్తుంది?"

"ఆయనకే తెలుస్తుంది!" అని అరిచాను. సందులో జనమంతా తిరిగి చూశారు. అరిచి బయటికొచ్చాను గానీ, బస్సులో కూర్చున్నాక ఆ మాట వదల్లేదు. రేపటికల్లా మోగుతుంది. అసలు ఏమీ వినకుండా చెవి పోవడం కంటే అదే నయం కాదా? ఇంకో వారం గడిస్తే ఆ ఆసరా కూడా ఉండదు. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. సరేనని ఫోన్ చేద్దామని చాలాసార్లు నంబరు నొక్కి, మోగేలోపే కట్టేశాను.

డిసెంబరు చలి మొదలైంది. ఒక పొద్దున్నే వంటింట్లోకి వెళ్తే అమ్మ కిటికీ దగ్గర నిలబడి, నా రుమాల్లోని వాల్వు చేతిలో పట్టుకుని, దాని మీది కుంకుమ తీస్తోంది. తడిగుడ్డ జోలికి పోలేదు పాపం. కళ్ళజోడు తుడుచుకునేటప్పుడు చేసినట్టు నోటితో "హా" అని ఊది, చీర కొంగుతో అద్దుతోంది. "ఇంకేం రుద్దుతావే దాన్ని!" అని అరవబోయాను.

"ఉండవే. ఇటు చూడు" అంది.

మళ్ళీ "హా" అని ఊదింది. ఆ చలికి చల్లబడ్డ గాజు మీద ఊపిరి పొగలా పరుచుకుంది. ఆ పొగలో, అచ్చు ఉన్నమేర మాత్రం తేడాగా, అక్షరాలు కనిపించాయి. కనిపించినట్టే కనిపించి మాయమైపోయాయి.

"ఊదు! మళ్ళీ ఊదు!"

అమ్మ ఊదింది. నేను ఊదాను. ఇద్దరం తలలు ఆనించుకుని మార్చి మార్చి ఊదాం. ఈ. ఎల్. ఎనిమిది. నాలుగు. అమ్మ రుద్దీ రుద్దీ వదిలించానన్న మురికి గాజుని వదిలి పోనేలేదు. మంచినీళ్ళకని వచ్చిన నాన్న గుమ్మంలో నిలబడి మా ఇద్దర్నీ చూశాడు. తల్లీకూతుళ్ళు పొద్దున్నే బల్బు పట్టుకుని "హా, హా" అంటుంటే ఏమనుకున్నాడో ఏమో, నీళ్ళు తాగకుండానే వెనక్కి వెళ్ళిపోయాడు.

నంబరు తెలిసింది గానీ వస్తువు దొరకాలి కదా. ఆదివారం ఎర్రకోట వెనక చోర్ బజార్‌కు వెళ్ళాను. అక్కడ ఒకడి దగ్గర చచ్చిపోయిన పాత రేడియోగ్రాములున్నాయి. ఒక్కోదాని వెనక పలక తీయించి, లోపలి వాల్వులు లాగి, వాటి మీద ఊదుతూ నేల మీద గొంతుక్కూర్చున్నాను.

"మేడమ్, ఝాడ్-ఫూంక్ చేస్తున్నారా? దయ్యం పట్టిందా నా రేడియోకి?" అన్నాడు అమ్మేవాడు.

"పట్టింది. అదే కావాలి నాకు" అన్నాను. ఆ పక్కనే ఇనప్పెట్టెలు అమ్మేవాడు పడీ పడీ నవ్వాడు. ఇంకో వాల్వు తీసి ఊదాను. ఈ, ఎల్, ఎనిమిది, నాలుగు. అక్కడే ఏడ్చేశాను. అమ్మేవాడు కంగారుపడి టీ తెప్పించాడు.

ఆ తర్వాత కూడా మెకానిక్ "కల్ ఆనా, కల్ ఆనా" అని రోజూ రేపు రమ్మంటూ నా ప్రాణం తీశాడు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టేవాడు ఊరెళ్ళాడన్నాడు. పొగమంచుకు పనివాళ్ళు రావడం లేదన్నాడు. నేను దుకాణం మెట్ల మీద కూర్చుని కదలనని మొండికేశాను. బతిమాలాను, తిట్టాను, మళ్ళీ బతిమాలాను. "నాన్న చెవి అయిపోతోంది అంకుల్‌జీ" అన్నాను. హిందీలో ఆ మాట సరిగా వచ్చిందో లేదో తెలీదు, ఆయన మాత్రం పని మొదలుపెట్టాడు.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున పెట్టె ఇంటికొచ్చింది. బయట పొగమంచులో ఎదురింటి గోడ కూడా కనపడటం లేదు. అమ్మ ఈసారి బుద్ధిగా చెక్క మీద బొట్టు పెట్టింది, లోపలికి చెయ్యి పెట్టలేదు. నాన్న స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మిషను తీసి పక్కన పెట్టేశాడు. స్విచ్ వేసి, బాత్రూమ్‌లోకి వెళ్ళి చేతులు కడుక్కుని, తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకుంటూ వచ్చాడు. పెట్టె సన్నగా మూలుగుతోంది. నాన్న మా వైపు చూశాడు. నేను తలూపాను.

"లేచిందా" అన్నాడు. గిటారు ఒళ్ళోకి తీసుకుని లావు తీగ మీటాడు.

అబ్బ, అదే! బెజవాడ క్వార్టర్స్, పెరట్లో తువ్వాలు, అన్నీ ఒక్కసారి లేచొచ్చాయి. నా కడుపులో మోగింది. అమ్మ వంటింటి గుమ్మంలోంచి "పాతదే! అచ్చం పాతదే!" అంది. నాన్న వేళ్ళు పైకెక్కి, మళ్ళీ కిందికి దిగాయి. ఎక్కడా తడబడలేదు. ముక్క పూర్తయింది.

నాన్న కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకోసారి మీటాడు. చెవి పెట్టె దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ మీటాడు.

"మోసం చేశాడమ్మా నిన్ను" అన్నాడు గట్టిగా. "లోపల పీకేసి ట్రాన్సిస్టర్ పెట్టాడు. రేకు మీద గీకినట్టుంది. ఇది నా పెట్టె కాదు."

కాదు నాన్నా, అదే, ఒరిజినలే, అని చెప్పాలి. కానీ పెట్టె అదేనని చెబితే ఇంకేం పోయిందని చెప్పినట్టు? అవును నాన్నా, మోసపోయాను అనేద్దామా అనుకున్నాను. ఆయన చెవి కంటే మెకానిక్‌ని తిట్టుకోవడం నయం కదా. నేను ఏదీ తేల్చుకోలేకపోయాను. ఆయన నా కోసం ఆగలేదు. స్క్రూడ్రైవరు తెచ్చుకుని, పెట్టె వెనక నేల మీద కూర్చుని, పలక విప్పాడు.

లోపల వాల్వులన్నీ నారింజ రంగులో వెలుగుతున్నాయి. నాన్న వాటి దగ్గర అరచెయ్యి పెట్టి వేడి చూసుకున్నాడు. పాత వాల్వు అంచున అమ్మ తుడవకుండా మిగిల్చిన కుంకుమ చుక్క ఉంది. దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. అమ్మ ఏదో అనబోతే నేను చేత్తో ఆపాను.

తర్వాత పలక మళ్ళీ పెట్టి, స్క్రూలన్నీ ఓపిగ్గా బిగించాడు.

"బాగా చేశాడు. పని తెలిసినవాడే" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఇటు రా. నువ్వు వాయించు."

నాకు రాదన్నట్టు చేతులు ఊపాను.

"లావు తీగ ఒక్కటి చాలు."

గిటారు తీసుకుని లావు తీగ మీటాను. నాన్న పెట్టె వైపు చూడలేదు, నా మొహంలోకి చూస్తున్నాడు. శబ్దం ఆగిపోయేదాకా అలాగే చూశాడు.

"కడుపులో మోగిందా?" అన్నాడు.

ఏడుపు ఆగలేదు. తలూపాను.

"అయితే అదేలే" అన్నాడు నాన్న. "ఇక కట్టెయ్. మళ్ళీ కరెంటు పెరిగితే పాడవుతుంది."